మా నాన్న పార్సిమోనియస్ కాదు

2012 వేసవిలో హిమాయత్‌నగర్‌లోని ఒక జీఆర్ఈ కోచింగ్ సెంటర్లో నా చేతికి నలభై పేజీల జిరాక్స్ కట్ట ఒకటి ఇచ్చారు. ప్రతి పేజీలోనూ ఎడమ పక్క ఒక ఇంగ్లిష్ మాట, మధ్యలో సమానం గుర్తు, కుడి పక్క మూడో నాలుగో మాటలు. రోజుకి వంద చొప్పున బట్టీ పట్టాలి. మర్నాడు పొద్దున్నే టెస్టు. ఎనభైకి తగ్గితే సార్ అందరి ముందూ నిలబెట్టేవాడు. నేను చాలాసార్లు నిలబడ్డాను, తర్వాత్తర్వాత నిలబడకుండా ఉండటం నేర్చుకున్నాను.

ఈ వ్యాసం ఆ సమానం గుర్తు మీద. అది అబద్ధం అని నా వాదన. చిన్న అబద్ధం కాదు, మనలో చాలామందికి రెండు భాషల్నీ వినపడకుండా చేసిన అబద్ధం.

జీఆర్ఈ రాసినవాళ్ళకి ఈ లోకం కొత్త కాదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత బారన్స్ పుస్తకాలు గుట్టలుగా ఉండేవి. ఆ పుస్తకంలో 3500 మాటల జాబితా. ఏ పాత కాపీ తెరిచి చూసినా ఏ అక్షరం పేజీలు నలిగిపోయి, రంగురంగుల గీతలతో నిండి ఉండేవి. బి దగ్గర గీతలు పలచబడేవి. డి దాటాక పుస్తకం కొత్తదే. అబేస్, అబాష్, అబేట్ అనే మూడు మాటలు తెలియని ఇంజనీరింగ్ కుర్రాడు ఆ రోజుల్లో హైదరాబాద్‌లో లేడేమో. గుర్తుండటానికి మాకు తెలుగు చిట్కాలు కూడా ఉండేవి. అబేట్ అంటే ‘అబ్బే, తగ్గిపోయింది’. పార్సిమోనియస్ అంటే ‘పర్సులో మనీ దాచుకునేవాడు’. పొదుపరి అన్నమాట. మా జిరాక్స్ కట్టలో అయితే ఫ్రూగల్, థ్రిఫ్టీ, పార్సిమోనియస్, స్టింజీ, నాలుగూ ఒకే వరసలో ఉండేవి. మధ్యలో సమానం గుర్తులు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న ఖమ్మంలో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. డ్యూటీలో ఉన్నప్పుడు డ్రైవరు టీకి దిగితే ఆయన దిగేవాడు కాదు. బస్సులోనే కూర్చుని లెక్క చూసుకునేవాడు. రెండు జతల చెప్పులు ఆయన కాళ్ళకి ఒకేసారి ఉండగా నేను చూడలేదు. కానీ నా ఫీజు ఒక్కసారి కూడా గడువు దాటలేదు. మా ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా చదివింపులు తగ్గించలేదు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయాల్సి వచ్చినప్పుడు మొదటి పేరాలో ఆయన గురించి రాశాను. నా తండ్రి పార్సిమోనియస్ మనిషి అనీ, ఆ గుణమే నన్ను ఇక్కడిదాకా తెచ్చిందనీ.

ఫ్రూగల్ అని రాయొచ్చు కదా అంటారా? ఆ మాట ముందు తట్టింది కూడా. మరీ చిన్నగా, చవగ్గా అనిపించింది. పక్కనే అంత పొడుగు మాట, అదే అర్థంతో, నేను కష్టపడి బట్టీ పట్టిన మాట ఉండగా దాన్ని వాడకపోవడం ఎందుకు? సమానం అన్నారు కదా. సమానమైనప్పుడు ఖరీదుగా కనబడేది తీసుకోవడమే తెలివి అనుకున్నాను.

నాన్న ఆ కాగితం తీసుకుని వేలు పెట్టి చదివాడు. “ఈ మాటేందిరా?” అని అడిగాడు. “పొదుపుగా ఉండేవాళ్ళని అంటారు నాన్నా” అన్నాను. “నా గురించి అంత పెద్ద మాటా!” అని నవ్వి, మర్నాడు దాన్ని లామినేషన్ చేయించుకొచ్చాడు. నా పదో తరగతి మెమో ఉన్న ఫైల్లోనే దాన్నీ పెట్టాడు.

ఆ ఏడాది రెండు అడ్మిట్లు వచ్చాయి. ఆ మాట వల్ల నాకు పోయిందేమీ లేదు. ఎవరూ ఎత్తిచూపలేదు. మర్నాటి సంవత్సరం మెషీన్ లెర్నింగ్ క్లాసులో ప్రొఫెసర్ ‘పార్సిమోనియస్ మోడల్’ అన్నప్పుడు మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. తక్కువ పారామీటర్లతో పని నడిపించే మోడల్‌ని అలా అంటారు. అక్కడ అది మెచ్చుకోలు. క్లాసయ్యాక పక్కనున్న అమెరికన్ కుర్రాడితో ఉత్సాహంగా చెప్పాను, మా నాన్నని వర్ణించడానికి నేనూ ఇదే మాట వాడానని. అతను కాసేపు నా మొహం చూసి, మెల్లిగా అడిగాడు: “మోడల్‌కైతే బాగానే ఉంటుంది. మీ నాన్నతో నీకేమైనా గొడవా?”

మా నాన్నని నేను పిసినారి అన్నాను. లోకం ముందు, లిఖితపూర్వకంగా, మెచ్చుకుంటున్నాననుకుంటూ. ఆయన దాన్ని లామినేషన్ చేయించి దాచుకున్నాడు.

*

ఇది నా తెలివితక్కువతనం అని మీరు అనొచ్చు. నిఘంటువు చూసుకోవాల్సింది కదా అని. నిజమే. కానీ నిఘంటువు ఎందుకు చూడలేదో కూడా అడగండి. తెలుసు అనుకున్నాను కాబట్టి చూడలేదు. జాబితా చేసే మొదటి హాని ఇదే. తెలియని మాటని తెలిసిన మాటగా మార్చేస్తుంది. తెలియదని తెలిసినవాడు జాగ్రత్తగా ఉంటాడు, ఎవర్నైనా అడుగుతాడు. వందకి తొంభై తెచ్చుకున్నవాడు ఎవర్నడుగుతాడు?

తెలుగులో ఇలాంటి పొరపాటు మనం చెయ్యం. పక్కింటి పెద్దాయన పోతే ‘కాలం చేశారు’ అంటాం. పేపర్లో ‘మృతి చెందారు’ అని రాస్తారు. స్వాములవారైతే శివైక్యం చెందుతారు. ప్రేమగా తలుచుకునే మనిషైతే కన్నుమూస్తారు. వెటకారమైతే బాల్చీ తన్నేస్తాడు. గిట్టనివాడైతే చచ్చాడు. పర్యాయపదాల పట్టికలో ఇవన్నీ ఒకే గడిలో పడతాయి. కానీ పరామర్శకి వెళ్ళి, కొడుకు భుజం మీద చెయ్యేసి, “మీ నాన్నగారు బాల్చీ తన్నేశారటగా” అని చూడండి. అర్థంలో తప్పేమీ లేదు. మిమ్మల్ని మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వరు.

ఈ తేడా మనకి ఎవరు నేర్పారు? ఎవరూ కాదు. ఏ మాట ఎవరి నోట, ఏ సందర్భంలో, ఏ గొంతుతో వచ్చిందో వింటూ పెరిగాం. మాటకి అర్థం సగమే. ఆ మాట ఇదివరకు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందన్నది రెండో సగం. జాబితా మొదటి సగాన్ని ఇచ్చి, రెండో సగం అసలు లేదని చెబుతుంది. సమానం గుర్తు అంటే అదే.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలియాలి. రెండు వేరియబుల్స్‌లో ఇవాళ ఒకే విలువ ఉన్నంత మాత్రాన ఒకదాని చోట ఇంకోటి పెట్టేసి కోడ్ రివ్యూకి పంపితే ఎవరూ ఒప్పుకోరు. మాటల విషయానికొచ్చేసరికి ఆ పనే మూడు నెలలు ఫీజు కట్టి నేర్చుకున్నాం.

*

‘పరీక్ష అలా ఉంది, మేమేం చేస్తాం’ అన్నది కోచింగ్ సెంటర్ల వాదన. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉంది. 2011 ఆగస్టు దాకా జీఆర్ఈ వెర్బల్‌లో ఒంటరి మాట ఇచ్చి వ్యతిరేకపదం అడిగేవాళ్ళు. అనాలజీలూ ఉండేవి. ఆ నెలలో ఈటీఎస్ వాళ్ళు ఆ రెండింటినీ తీసేశారు. వాటి స్థానంలో వాక్యాలు వచ్చాయి. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నలో ఒక ఖాళీ, ఆరు మాటలు. ఏ రెండు మాటలు విడివిడిగా పెట్టినా వాక్యం ఒకే అర్థాన్నిస్తుందో ఆ రెండూ ఎంచుకోవాలి. ఒకటి తప్పితే మార్కు లేదు.

పైపైన చూస్తే ఇది పర్యాయపదాల పరీక్షలాగే ఉంటుంది. కాదు. ఒక వాక్యం ఊహించండి: ‘ఆమె జీవితమంతా ఎంతో ____గా బతికింది కాబట్టే, పోయేముందు ఊరి బడికి అంత డబ్బు ఇవ్వగలిగిందని అందరూ ఆమెని మెచ్చుకుంటారు.’ ఇచ్చిన ఆరు మాటల్లో ఫ్రూగల్, థ్రిఫ్టీ, స్టింజీ, పార్సిమోనియస్ ఉన్నాయనుకోండి. నాలుగూ సమానం అని నేర్చుకున్నవాడు బొమ్మా బొరుసూ వేసుకోవాలి. వాక్యంలోని మెచ్చుకోలు విన్నవాడికి మొదటి రెండూ అని ఇట్టే తెలుస్తుంది. జవాబుల్లో పర్యాయపదాల జంటని వెతుక్కోవడం చాలదని, వాక్యంలో ఇమడని జంటలు కూడా ఉంటాయని ఈటీఎస్ వాళ్ళే తమ గైడులో హెచ్చరించారు. పరీక్ష మారిపోయిన ఏడాది తర్వాత నా చేతికొచ్చింది ఆ పాత జిరాక్స్ కట్టే. అంటే పరీక్ష కోసం చదువు చెడిందని కూడా అనలేం. పరీక్షకి కూడా పనికిరాని చదువు అది. వెర్బల్‌లో నాకొచ్చింది 152. కిందన 130, పైన 170. మీరే చూసుకోండి.

ఇంకో సంగతి, నా వృత్తికి దగ్గరిది. 1997లో లాండావర్, డ్యూమే అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రోగ్రాముకి టోఫెల్ పరీక్షలోని 80 పర్యాయపదాల ప్రశ్నలు ఇచ్చారు. దానికి 64.4 శాతం వచ్చింది. అమెరికా కాలేజీలకి దరఖాస్తు పెట్టుకున్న, ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థుల సగటు 64.5. ఇది చదివినప్పుడు మొదట నవ్వొచ్చింది. మనం చెమటోడ్చి తెచ్చుకున్న మార్కులు, నాన్న ఎవరో పిసినారితనం ఏమిటో తెలియని ప్రోగ్రాముకి కూడా వచ్చేశాయి. కానీ అసలు ముల్లు ఇంకోచోట ఉంది. ఆ ప్రోగ్రాముకి ఎవరూ పర్యాయపదాల జాబితా ఇవ్వలేదు. ఒక ఎన్‌సైక్లోపీడియా నుంచి సుమారు 46 లక్షల మాటల పాఠ్యం ఇచ్చారు. ఏ మాట ఏ మాటల మధ్య వస్తోందో అది చూసుకుంది, అంతే.

యంత్రం చదివి నేర్చుకుంది. మనుషులం మనం బట్టీ పట్టాం.

*

ఇప్పుడు ఎదురు ప్రశ్నలకి వద్దాం. మొదటిది మన సాహిత్య మిత్రుల నుంచే వస్తుంది: మన పెద్దవాళ్ళు అమరకోశం వల్లె వెయ్యలేదా? పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, అడిదము సూరకవి ఆంధ్రనామశేషం పర్యాయపదాల పుస్తకాలు కావా?

అవును. కానీ అమరం నోటికి పట్టిన పిల్లవాడు అక్కడితో ఆగేవాడు కాదు. దాని వెంటనే కావ్యపాఠం ఉండేది. నిన్న వల్లించిన మాట ఇవాళ శ్లోకంలో ఎదురయ్యేది, గురువు ఆ మాటే అక్కడ ఎందుకుందో విప్పి చెప్పేవాడు. అగ్నిని పావకుడంటే పవిత్రం చేసేవాడని, హవ్యవాహనుడంటే హవిస్సుని మోసుకెళ్ళేవాడని తెలిసేది. హవ్యవాహనుడు యజ్ఞంలో ఉంటాడు, మన గ్యాస్ పొయ్యి మీద ఉండడు. పద్యంలో కూర్చిన ఆ నిఘంటువులు ముఖ్యంగా పద్యం రాసేవాళ్ళకీ, చదివేవాళ్ళకీ పనిముట్లు. ఇంగ్లిష్‌లో కూడా అంతే. 1852లో పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు తెచ్చిన థెసారస్ పేరులోనే ఉంది, భావాల్ని వ్యక్తం చేయడానికీ రచనకీ సాయంగా అని. మాట తెలిసి, నోటిదాకా వచ్చి అందనివాడి కోసం ఆ పుస్తకం. తెలియనివాడికి తెలిసినట్టు అనిపించడానికి కాదు. మనం ఆ సంప్రదాయంలోంచి వల్లెవేతని ఉంచుకుని, కావ్యాన్ని పారేశాం.

మన తెలుగు పాఠాలు కూడా ఇదే దారి పట్టాయి. పదో తరగతిలో పర్యాయపదాల బిట్లకి మార్కులు గ్యారంటీ అని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. సూర్యుడు అంటే భానుడు, రవి, దినకరుడు. రాసేశాం, మార్కులేశారు. దినకరుడు అని ఎక్కడ రాస్తే బాగుంటుంది, ఎక్కడ రాస్తే నాటకంలా ఉంటుంది అని ఎవరూ అడగలేదు. ఇంగ్లిష్ కోచింగ్ సెంటర్ని తిట్టేముందు ఇది ఒప్పుకోవాలి. సమానం గుర్తుకి మనల్ని ముందే తయారుచేసింది మన బడే.

రెండో ప్రశ్న ఇంకా పదునైంది, నిజాయితీ ఉన్నది. ‘నీకేం, వెళ్ళొచ్చావు. తెలుగు మీడియం పిల్లలకి ఆ జాబితా ఒక్కటే నిచ్చెన. దాన్నీ లాగేస్తావా?’

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. అందుకే చెబుతున్నాను. ఇంట్లో ఇంగ్లిష్ వింటూ, చిన్నప్పుడే ఇంగ్లిష్ కథల పుస్తకాలు చదువుతూ పెరిగిన పిల్లకి స్టింజీ తిట్టు అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రెండో సగం ఆమెకి ఇంట్లోనే దొరికింది. ఆమె చేతిలో జాబితా ఉన్నా పెద్ద నష్టం లేదు, చెవి అడ్డుకుంటుంది. ఆ చెవి లేనివాడికే రెండో సగం కావాలి. వాడికే మనం మొదటి సగం జిరాక్స్ తీసి ఇచ్చి, ఇంతే భాష అన్నాం. ఫీజు ఇద్దరి దగ్గరా ఒకటే తీసుకున్నాం. జాబితా వల్ల ఎక్కువ మోసపోయేది, దాని మీద ఎక్కువ ఆధారపడినవాడే.

వేరే దారికి టైమెక్కడిది అంటారేమో. లెక్క చూద్దాం. 3500 మాటలు, రోజుకి వంద, 35 రోజులు. నాకు రోజుకి మూడు గంటలు పట్టేది. మొత్తం 105 గంటలు. మెల్లిగా, నిమిషానికి 120 మాటల చొప్పున చదివినా ఏడున్నర లక్షల మాటలు. ఓ మోస్తరు నవలలు ఎనిమిదైనా అవుతాయి. ఆ ఎనిమిది నవలల్లో 3500 మాటలూ రావు, ఒప్పుకుంటాను. అరుదైన మాటలు ఒక్కసారి కూడా రాకపోవచ్చు. కానీ వచ్చినవి మనుషులతో కలిసి వస్తాయి. ఎవరు ఎవర్ని ఏమన్నారో, అన్నాక ఏమైందో తెలుస్తుంది. జాబితాలో నేను నేర్చుకున్న 3500లో ఇవాళ నోటికొచ్చేవి ఎన్ని అంటే చెప్పడానికి సిగ్గేస్తుంది.

ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు జీఆర్ఈ అడగడం లేదు. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్షని రెండు గంటల లోపుకి కుదించారు కూడా. అయినా జాబితా పోలేదు. స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో సినోనిమ్స్, యాంటోనిమ్స్ ఇంకా అడుగుతూనే ఉన్నారు. జిరాక్స్ కట్ట యాప్ అయింది, ఫ్లాష్‌కార్డు అయింది. సమానం గుర్తు మాత్రం అలాగే ఉంది.

*

ఇదంతా ఒక సాహిత్య పత్రికలో ఎందుకు అంటే, ఆ అలవాటు మనతోపాటు ఇక్కడికీ వచ్చేసింది కాబట్టి. మనం రాసే పుస్తక సమీక్షలు చూడండి. అద్భుతం, అమోఘం, అపూర్వం. ఆర్ద్రంగా ఉంది, హృద్యంగా ఉంది, గుండెని తడిపేసింది. ఏ కథ గురించి రాసిన సమీక్షలోంచైనా ఈ మాటలు తీసి ఇంకో కథ సమీక్షలో పెట్టండి, అతుకు కనబడదు. నేనూ ఇలాంటివి రాశాను, పాతవి వెతికితే దొరుకుతాయి. ఒక మాట బదులు ఇంకో మాట పెట్టినా ఏమీ మారకపోతే, ఆ రెండు మాటలూ ఆ పుస్తకం గురించి ఏమీ చెప్పనట్టే. పుస్తకం చదివి కూడా మనం జాబితాలోంచే రాస్తున్నాం.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఏదో సర్టిఫికెట్ కోసం ఆ ఫైల్ తీశాను. లామినేషన్ అంచులు పచ్చబడ్డాయి. పదేళ్ళకి పైగా దాచిన సంగతి నాన్నకి చెప్పేశాను. ఆ మాటకి అర్థం పొదుపరి కాదు నాన్నా, పిసినారి అని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ వాక్యం మళ్ళీ చూశాడు. “మీ అమ్మ కూడా అదే అంటది” అన్నాడు. వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. కాసేపాగి, “మరి సరైన మాటేంది?” అని అడిగాడు. ఫ్రూగల్ అని చెప్పాను. రెండుసార్లు అని చూసుకున్నాడు. “చిన్నగనే ఉంది గదా. ఇదే రాస్తే పోయేది.”

అవును నాన్నా, పోయేది.

జాబితా తగలెయ్యమని నేను అనడం లేదు. అందులోని ప్రతి సమానం గుర్తూ కొట్టేయమంటున్నాను. దాని స్థానంలో ఒక వాక్యం రాసుకోండి. మీరు తయారుచేసింది కాదు, ఎక్కడో చదివినది, ఎవరో ఎవరితోనో నిజంగా అన్నది. వాక్యం దొరకని మాటని దొరికేదాకా వాడకండి. కోచింగ్ సెంటర్లు నడిపేవాళ్ళకి కూడా ఇదే నా మాట: రోజుకి వంద మాటలు ఆపి, రోజుకి పది పేజీలు చదివించండి. మీ పిల్లలు టెస్టులో నిలబడాల్సిన రోజులు తగ్గుతాయి. వాళ్ళ నాన్నల గురించి వాళ్ళు రాసే వాక్యాలు కూడా బాగుపడతాయి.